ఎర్రమట్టిలో ఐరిస్

గణాంకశాస్త్రమో మెషీన్ లెర్నింగో కొద్దిగానైనా చదివినవారికి ఐరిస్ పేరు కొత్త కాదు. 150 పూలు, మూడు జాతులు, జాతికి 50 చొప్పున, ఒక్కో పువ్వుకు నాలుగు కొలతలు. కొత్తగా ఏ పద్ధతి నేర్చుకున్నా ముందు ఆ పట్టిక మీద ప్రయోగించి చూడడం మా వృత్తిలో అక్షరాభ్యాసం వంటిది. నేనూ అలాగే నేర్చుకున్నాను. సెటోసా, వర్సికలర్, వర్జినికా అన్న పేర్లు నోటికి వచ్చిన పదేళ్ళకు గాని అసలు పువ్వును కళ్ళతో చూడలేదు. చూసింది కమ్మింగ్‌లో, మా వీధి చివరి ఇంటి ముందు, ఒక ఏప్రిల్ ఉదయాన. మూడు రేకులు పైకి గోపురంలా ముడుచుకుని ఉన్నాయి. మూడు రేకులు కిందికి వాలి ఉన్నాయి. వాలిన ప్రతి రేకు నడుమా పసుపుపచ్చని నూగు ఒక గీతలా ఉంది. ఆ వేసవిలోనే కేటలాగు తెప్పించుకుని, బొమ్మలు చూసి, ఏడు రంగులవి ఏడు మొక్కలు ఎంచుకున్నాను. రెండో వేసవి ముగిసేసరికి ఏడింటిలో ఆరు కుళ్ళిపోయాయి.

ఆ ఆరూ ఎందుకు పోయాయి, ఏడవది ఎందుకు మిగిలింది అని వెదకబోతే తేలిన సంగతి ఇది: ఐరిస్‌ను పువ్వును బట్టి కాక నేలను బట్టి ఎంచుకోవాలి. వేసవిలో దుంప ఎండకు మాడితే గాని సుఖపడని మొక్కలూ, చెరువు అంచున బురదలో హాయిగా ఎదిగే మొక్కలూ ఈ ఒక్క పేరు కిందే ఉన్నాయి. ప్రజాతిలో 250కి పైగా జాతులున్నాయి, అన్నీ ఉత్తరార్ధగోళానివే. తెలుగునేల మీద ఇవి సహజంగా పెరగవు గనుక వాడుక పేరు కూడా మనకు లేదు. హిమాలయాల్లో, కాశ్మీరులో ఉన్నాయి. పేరుతో పాటు పెంపకపు తెలివిడి కూడా మనకు వారసత్వంగా రాలేదు. వచ్చిందనుకున్నది తప్పుదారి పట్టించింది. ఆ కథ తరువాత.

ముందు పట్టిక సంగతి. ఆ పూలను కొలిచినవాడు ఎడ్గర్ ఆండర్సన్, సెయింట్ లూయిస్‌లోని మిస్సోరి బొటానికల్ గార్డెన్‌లో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త. సెటోసా, వర్సికలర్ పూలు కెనడాలో గాస్పే ద్వీపకల్పం మీద ఒకేచోట కలిసి పెరుగుతున్నవి. వర్జినికా పూలు మరోచోటివి. 1936లో రొనాల్డ్ ఫిషర్ ఆ కొలతలు తీసుకుని, నాలుగింటినీ తగిన పాళ్ళలో కలిపి ఒక్క అంకెగా మారిస్తే జాతులు విడివడతాయని చూపించాడు. ఫిషర్ పద్ధతిని అనేక వర్గాలకు విస్తరించినవాడు మన సి. ఆర్. రావు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గరే పరిశోధన చేసిన ఆయన ఆ పని 1948లో ప్రచురించారు. ఈ పద్ధతిని పాఠంగా చదువుకున్న తెలుగువాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

ఆండర్సన్‌ను వేధించిన ప్రశ్న మాత్రం గణితానిది కాదు. వర్సికలర్ అన్న జాతి తక్కిన రెండూ సంకరమై పుట్టిందా? సెటోసాకు 38 క్రోమోజోములు, వర్జినికాకు 70, వర్సికలర్‌కు 108. కూడి చూసుకోవచ్చు. పూల కొలతల్లో కూడా వర్సికలర్ ఆ రెండింటి నడుమ, వర్జినికా వైపు కాస్త ఒరిగి కనబడింది.

తోటమాలిగా నేను ఆ పట్టికను మళ్ళీ తెరిచినప్పుడు తట్టినది వేరు. రక్షక పత్రం పొడవు వెడల్పులు, ఆకర్షణ పత్రం పొడవు వెడల్పులు: నాలుగు కొలతలూ పువ్వువే. మొక్క నిలుచున్న నేల గురించి అందులో ఒక్క అంకె లేదు. నాటవలసినవాడికి కావలసినవి అవే. సెటోసా అలాస్కా, సైబీరియాల చలిలో పుట్టిన మొక్క. జార్జియా వేసవి రాత్రుల ఉక్కను అది ఓర్వలేదు. వర్సికలర్ కూడా ఉత్తరాదిదే. వర్జినికా ఒక్కటే దక్షిణాది చిత్తడి నేలలది, జార్జియాలో సహజంగా పెరిగేది. 150 పూలలో కమ్మింగ్‌కు పనికివచ్చేవి 50.

ఇక ఇక్కడి నేల. కమ్మింగ్ అట్లాంటాకు ఉత్తరాన, అప్పలాచియన్ కొండల పాదాల దగ్గర ఉంది. పార దిగిన చోటల్లా ఎర్రమట్టి. మనవాళ్ళకు అది చూడగానే ప్రాణం లేచివస్తుంది: అనంతపురమో, మహబూబ్‌నగరో గుర్తుకు వస్తుంది. ఎరుపు రెండుచోట్లా ఇనుము తుప్పు వల్ల వచ్చినదే గాని పోలిక అక్కడితో సరి. తెలంగాణ చెలక నేలలో ఇసుక పాలు హెచ్చు. వాన వెలిసిన గంటకు అడుగుపెట్టవచ్చు. కమ్మింగ్ మట్టి బంకమట్టి. తడిసినప్పుడు చెప్పుకు అంటుకుని రాదు, ఎండినప్పుడు గునపానికి లొంగదు. అనంతపురంలో ఏడాదికి 22 అంగుళాల వాన పడితే ఇక్కడ 50 అంగుళాలకు పైమాటే. అన్నేసి వానలు యుగాల తరబడి సున్నాన్నీ తక్కిన క్షారాలనూ కిందికి కడిగివేయడం వల్ల నేల పుల్లబడింది. పైగా ఇది పాత పత్తి దేశం. పత్తి దున్నకాల వల్ల దక్షిణ పీడ్మాంట్ ప్రాంతం సగటున ఏడు అంగుళాల పైమన్ను పోగొట్టుకున్నదని 1974లో స్టాన్లీ ట్రింబుల్ అంచనా కట్టాడు. మిగిలిన ఆ కాస్తా మన సబ్‌డివిజన్లు కట్టేటప్పుడు బుల్‌డోజర్లు చదును చేసి ఎత్తుకుపోతాయి. ఇల్లు చేతికి వచ్చేసరికి పచ్చికచాప కింద ఉండేది అడుగుమట్టి.

మన పెరటి నేల ఎలాంటిదో తెలుసుకోవడానికి పెద్ద తతంగం అక్కరలేదు. అడుగు లోతు గుంట తవ్వి, నీళ్ళు నింపి, ఇంకనిచ్చి, మళ్ళీ నింపి, గంటకు ఎంత దిగిందో చూడాలి. మా ముందు పాదులో మూడు గంటలకు రెండు అంగుళాలు దిగింది. మట్టి పులుపు సంగతి జార్జియా విశ్వవిద్యాలయపు ఎక్స్‌టెన్షన్ కార్యాలయం చెబుతుంది. ఫోర్సైత్ కౌంటీ శాఖ కమ్మింగ్‌లోనే ఉంది. మా మట్టి పీహెచ్ 5.3 అని వచ్చింది. ఈ రెండు అంకెలూ మొక్కలు కొనక ముందు తెలుసుకోవలసినవి. నేను ఆరు మొక్కలు పోయాక తెలుసుకున్నాను.

నేను కొన్నవి గడ్డపు ఐరిస్‌లు. వాలిన రేకు మీది నూగును ఇక్కడివారు గడ్డం అంటారు. కేటలాగుల్లో పెద్దపీట వీటిదే. 27 అంగుళాలు దాటి ఎదిగే పొడుగురకాలైతే ఏ రంగులో కావాలంటే ఆ రంగులో దొరుకుతాయి, నిజమైన ఎరుపు తప్ప. వీటి పూర్వీకుల్లో ఒకటి ఏడ్రియాటిక్ తీరపు రాతి వాలుల మీది ఐరిస్ పల్లిడా. మరొకటి మధ్య ఐరోపా దాని కింది ప్రాంతాలదైన ఐరిస్ వేరిగాటా. పంతొమ్మిదో శతాబ్దం చివర కేంబ్రిడ్జిలో శరీరధర్మశాస్త్రం బోధించిన మైకేల్ ఫాస్టర్ అన్న ఆచార్యుడు తూర్పు మధ్యధరా ప్రాంతం నుండి రెట్టింపు క్రోమోజోములున్న పెద్దపూల రకాలను తెప్పించి సంకరాలు చేశాడు. నేటి పొడుగు గడ్డపు ఐరిస్‌లన్నిటి వెనుకా ఆ రకాలున్నాయి. ఈ ఊళ్ళ పేర్లన్నీ ఎందుకంటే, అక్కడి వాన చలికాలంలో పడుతుంది, వేసవి పొడిగా ఉంటుంది. మొక్క వసంతంలో పూసి, వేసవిలో ఎండలో కాగుతూ విశ్రమిస్తుంది. కమ్మింగ్‌లో సరిగా ఆ విశ్రాంతి నెలల్లోనే సాయంకాలమయ్యేసరికి ఉరుములూ వానా. ఇక్కడి చలిని గడ్డపు ఐరిస్ లెక్కచేయదు. దాన్ని చంపేది తడిసిన జూలై.

నా తప్పు పసుపుతో మొదలైంది. ఐరిస్ దుంప చేతికి వచ్చినప్పుడు అచ్చం పసుపు కొమ్ములా కనబడింది. వృక్షశాస్త్రం ప్రకారం రెండూ కొమ్ములే. దుగ్గిరాల వైపు పసుపు పెట్టడం చిన్నప్పుడు చూసినవాణ్ణి గనుక, రెండంగుళాల లోతున పెట్టి, మన్ను కప్పి, పైన ఇక్కడి ఆచారం ప్రకారం పైన్ స్ట్రా పరిచాను. పసుపుకు అది మర్యాద. గడ్డపు ఐరిస్‌కు అది సమాధి. దాని కొమ్ము వీపు నేల పైకి కనబడుతూ ఉండాలి, బాతు నీటి మీద తేలినట్టు. వేళ్ళు మాత్రం రెండువైపులా కిందికి దిగి మట్టిని పట్టుకోవాలి. నేను చేసిన రెండో పని, గోంగూరకూ బీరపాదుకూ పెట్టిన స్ప్రింక్లర్లనే వీటికీ తిప్పడం. ఎండలు ముదిరిన కొద్దీ రోజూ నీళ్ళు. ఆకులు మొదట చివరల్లో పసుపు తిరిగాయి. ఇంకా నీళ్ళు కావాలేమో అనుకున్నాను. ఒకరోజు లాగితే ఆకుల విసనకర్ర మొత్తం చేతిలోకి వచ్చేసింది. కింద కొమ్ము ఉండవలసిన చోట గంజిలాంటి ముద్ద, భరించలేని కంపు.

కంపు కొట్టేది బాక్టీరియా తెచ్చే మెత్తని కుళ్ళు. బంగాళాదుంపను నిల్వలో కుళ్ళబెట్టే కుటుంబానిదే. తొందరగా చూసుకుంటే కొమ్మును పెకలించి, కుళ్ళినంత మేరా గట్టి తెల్లని కండ తగిలే వరకు చెంచాతో గీకివేసి, తొమ్మిది పాళ్ళ నీటికి ఒక పాలు బ్లీచ్ కలిపి కడిగి, రెండుమూడు రోజులు ఎండబెట్టి తిరిగి నాటవచ్చు. రెండు కొమ్ముల దగ్గర మాత్రం కంపు లేదు. మొదట్లో తెల్లని బూజు, దాని మీద చల్లినట్టు ఆవగింజలు. నిజంగా ఆవాలే అనుకున్నాను, పోపుల డబ్బా ఎవరు ఒలకబోశారా అని. అది స్క్లీరోషియం రోల్ఫ్సై అన్న శిలీంధ్రం. రాయలసీమ వేరుశనగ రైతుకు పాత శత్రువు. కాండం కుళ్ళు తెగులు తెచ్చేది ఇదే. అమెరికా వేరుశనగలో దాదాపు సగం పండించే జార్జియాకూ ఇది బాగా తెలుసు. ఆ గింజలు మట్టిలో ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటాయి గనుక, కనబడిన చోట మొక్కతో పాటు పైమట్టిని కూడా ఎత్తి చెత్తలో పారవేయడం మేలు. కంపోస్టులో వేయకూడదు.

మిగిలిన ఆ ఏడవది పాదులో చోటు చాలక డ్రైవ్‌వే పక్క వాలులో, కాంక్రీటు అంచున గుచ్చిన మొక్క. స్ప్రింక్లర్ అక్కడికి అందదు, పైన్ స్ట్రా అక్కడికి చాలలేదు. రోజంతా ఎండ. రకం గొప్పతనం ఏమీ లేదు. అదే రకానిది మరో కొమ్ము పాదు నడుమ కుళ్ళింది. నాకు నేల పాఠం చెప్పింది ఈ మొక్క.

అప్పటి నుండి గడ్డపు ఐరిస్‌లకు ఎనిమిది అంగుళాల ఎత్తు గట్టు పోశాను. బంకమట్టిలో ఇసుక కలపమని చాలామంది చెబుతారు. వినకండి, కొద్ది ఇసుకతో అది ఇటుకలా గట్టిపడుతుంది. పైన్ బెరడు పొడీ చివికిన కంపోస్టూ పాతమట్టిలో కలిపి ఎత్తుచేస్తే చాలు. పరీక్షలో చెప్పిన మేరకు సున్నం వేసి పీహెచ్‌ను 6.5 దాకా తెచ్చాను. నత్రజని హెచ్చుగా ఉన్న పచ్చిక ఎరువు వీటి దరికి రానివ్వకూడదు. ఆకు ఏపుగా పెరిగి కొమ్ము మెత్తబడుతుంది, కుళ్ళుకు ఆహ్వానం పలికినట్టు. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ. నాటడానికి ఆగస్టు చివర నుండి అక్టోబరు మొదటి వారాల వరకు మంచి అదను. కొమ్ముకు కొమ్ముకు అడుగున్నర ఎడం. ఒకసారి పూసిన కొమ్ము మళ్ళీ పూయదు, గెల వేసిన అరటిలా. పక్కన వచ్చే పిలకలే మరుసటి ఏడు పూస్తాయి. మూడు నాలుగేళ్ళకు పిలకలు ఒకదాని మీదొకటి ఎక్కి పూత తగ్గుతుంది. అప్పుడు పెకలించి, ముసలి కొమ్మును పారవేసి, పిలకలను విడదీసి నాటుకోవాలి.

రకాల జాబితా ఇవ్వను. అమెరికన్ ఐరిస్ సొసైటీ 1920 నుండి నమోదు చేస్తూ వచ్చినవి వేలకు వేలున్నాయి. ఒక్క పేరు మాత్రం చెబుతాను: ‘ఇమ్మోర్టాలిటీ’, లాయిడ్ జుర్‌బ్రిగ్ 1982లో ఇచ్చిన తెల్లనిది. ఏప్రిల్‌లో పూసి, ఆకురాలు కాలంలో మరొకసారి పూస్తుంది. నవంబరు దీపావళికి గుమ్మం ముందు ఐరిస్ ఉండే అవకాశం మరే పాతరకమూ ఇంత నమ్మకంగా నాకు ఇవ్వలేదు.

తెల్లనిదంటే మరొకటి గుర్తుకు వస్తున్నది. నా పాట్లు చూసిన పక్కింటి పెద్దావిడ ఒక కాగితపు సంచీలో నాలుగు కొమ్ములు తెచ్చి ఇచ్చింది. వాళ్ళ అమ్మమ్మగారి ఊరి శ్మశానం గట్టు మీదివట. పొట్టి మొక్క, అన్నిటికంటే ముందుగా పూసే తెల్లని పువ్వు. దక్షిణాదిలో దీన్ని శ్మశానపు ఐరిస్ అనే పిలుస్తారు. శాస్త్రనామం ఐరిస్ అల్బికాన్స్. పుట్టినిల్లు యెమెన్, సౌదీ అరేబియా. ముస్లిం సమాజాలు సమాధుల మీద నాటుతూ పోయిన కొద్దీ ఇది మధ్యధరా తీరమంతా, స్పెయిన్ దాకా వ్యాపించి, అక్కడి నుండి అమెరికా చేరింది. ఇందులోని విశేషం: ఇది గొడ్డు మొక్క, విత్తు కట్టదు. గాలీ పక్షీ దీన్ని మోయలేవు. కమ్మింగ్‌లో ఇది ఒకచోట ఉన్నదంటే, యెమెన్ నుండి ఇక్కడి వరకు ప్రతి మజిలీలోనూ ఎవరో ఒకరు తవ్వి, చేత్తో పట్టుకుని తెచ్చి నాటారన్నమాట. నా తోటలో ఏ శ్రద్ధా లేకుండా వర్ధిల్లే ఐరిస్ ఇదొక్కటే. గట్టు మీద పెట్టాను, అంతే.

మరి తడి పక్కకు వద్దాం. ప్రతి ఇంటికీ చూరు గొట్టం నీళ్ళు పడే మూల ఒకటుంటుంది. అక్కడ ఏదీ బతకదని రాళ్ళు పోస్తారు. ఆ మూల లూసియానా ఐరిస్‌లది. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌కు చెందిన జాన్ కంకెల్ స్మాల్ 1920లలో లూసియానా చిత్తడి నేలల్లో వీటి రంగుల వైవిధ్యం చూసి దిగ్భ్రమ చెంది, 80కి పైగా కొత్త జాతులంటూ వర్ణించాడు. పెర్సీ వియోస్కా 1935లో వాటిలో చాలామట్టుకు కొద్ది జాతుల మధ్య సంకరాలేనని తేల్చాడు; నేడు ఐదు జాతులను గుర్తిస్తున్నారు. జాతుల గీతలు దాటి జన్యువులు పారే తీరును 1949లో గ్రంథంగా రాసినప్పుడు ఈ ఐరిస్‌లనే ఉదాహరణగా తీసుకున్నవాడు మన పట్టిక ఆండర్సనే. ఆ ఐదింటిలోని ఐరిస్ ఫుల్వా ఇటుకరంగు ఎరుపుతో పూస్తుంది, గడ్డపు ఐరిస్‌లకు అందని రంగు.

వీటి వ్యవహారం అంతా తిరగబడి ఉంటుంది. పుల్లని నేల కావాలి, ఎరువు బాగా తింటాయి, నీరు నిలిచినా సరే. కొమ్ము ఎండ పాలబడితే కమిలిపోతుంది గనుక వేసవిలో పైన్ స్ట్రా కప్పవలసింది వీటికి. మా ముందు పాదులో చేసినదంతా ఈ మూల చేసి ఉంటే నాకు శభాష్ వచ్చేది! వర్జినికా కూడా ఇక్కడే పెడతాను. మే చివర నుండి జూన్ దాకా పూసే జపాన్ ఐరిస్ ఎన్సాటాకూ ఇదే స్వభావం. హిరోషిగే 1857లో చిత్రించిన హొరికిరి తోటలోని పూలవి. పూతకు ముందు నీళ్ళు ఎంతైనా తాగుతుంది, సున్నం మాత్రం సహించదు. గట్టుకు వేసిన సున్నపు నీరు దీని వైపు పారకుండా చూసుకోవాలి.

తడి నేలకు పనికివచ్చినా తేకూడనిది పచ్చని పూల ఐరిస్ సూడకోరస్. ఆ పేరుకు అర్థం ‘దొంగ వస’. మన ఇళ్ళలో పసిపిల్లలకు త్వరగా మాటలు రావాలని అరగదీసి నాకించే వస కొమ్ము మొక్క ఆకూ దీని ఆకూ ఒక్కలాగే ఉంటాయి. పూయని రోజుల్లో ఎవరైనా పొరబడతారు. ఐరిస్ కొమ్ములు కడుపులో చిచ్చు పెట్టే జాతివి గనుక వస అనుకుని దీన్ని తవ్వుకుంటే ప్రమాదం. రెండో ప్రమాదం ఊరికి. విత్తులు నీటి మీద తేలుతూ పోయి ఒడ్డులను ఆక్రమించుకుంటుంది. అమెరికాలో పలు రాష్ట్రాలు దీన్ని నిషేధించాయి. మన సబ్‌డివిజన్ గుంటల నీరు ఏదో ఒక వాగులో పడి లేనియర్ జలాశయానికో ఎటోవా నదికో చేరుతుంది. గుంట అంచు అందంగా ఉంటుందని అసోసియేషన్ సమావేశంలో ఎవరైనా దీని పేరు ఎత్తితే వర్జినికా పేరు చెప్పండి.

చెట్ల నీడలో ఏం పెట్టాలని చాలామంది అడుగుతారు. ఉత్తర జార్జియా అడవుల్లో దానంతటది పెరిగే ఐరిస్ క్రిస్టాటా ఉంది: జానెడు ఎత్తు, ఏప్రిల్‌లో లేత నీలిపూలు, నేలను చాపలా కప్పుతుంది. వాలుగా ఉన్న చోటైతే మరీ మంచిది. సైబీరియన్ ఐరిస్‌లు కూడా ఇక్కడ బాగానే వస్తాయి. ఒకచోట పెట్టాక కదపకూడదు. జింకలు సాధారణంగా ఏ ఐరిస్‌నూ ముట్టవు. హోస్టాలు నాటి మూడుసార్లు వాటికి విందు చేసినవాడిగా ఈ ఒక్క గుణానికే ఐరిస్‌కు దండం పెడతాను.

ఏడాదిలో చేయవలసిన చాకిరీ తక్కువే. డిసెంబరులో ఎండిన ఆకులన్నీ ఏరివేయాలి. ఐరిస్ తొలుచుపురుగు గుడ్లు వాటి మీదే చలికాలం గడుపుతాయి. ఏప్రిల్‌లో పొదిగిన పురుగు ఆకును తొలుచుకుంటూ కొమ్ములోకి దిగుతుంది, దాని వెంట కుళ్ళు దిగుతుంది. పూత ముగిశాక పూకాడను మొదలంటా కోసివేయాలి. జూలైలో గట్టు మీదికి స్ప్రింక్లర్ పోకుండా కట్టివేయాలి.

సెప్టెంబరు వచ్చేసరికి పంచడానికి పిలకలు ఉంటాయి. నిరుడు తెలిసినవాళ్ళకు పదకొండు ఇచ్చాను. అడిగినవారిని నేను ముందుగా అడిగేది ఏ రంగు కావాలని కాదు. మీ ఇంటి చూరు నీళ్ళు ఎటు పడతాయి, మధ్యాహ్నం ఎండ ఎటు ఉంటుంది అని. దాన్ని బట్టి గడ్డపుదో లూసియానాదో తీస్తాను. గడ్డపు కొమ్ములైతే ఆకులను జానెడుకు కత్తిరించి, గరాజు నీడలో రెండు రోజులు ఆరనిచ్చి, పాత న్యూస్‌పేపరులో చుట్టి, ఆకు మీదే మార్కరుతో పేరు రాసి ఇస్తాను. లూసియానావి తడిగుడ్డలో చుట్టి అదేరోజు నాటించాలి. పాలిథిన్ సంచీలో పెట్టి కారులో వదిలేస్తే సాయంత్రానికి రెండూ ఉడికిపోతాయి.